కచేరీలో కుంచె

పాట సాగుతుండగా, శ్రోతల కళ్లముందే వేదిక మీద బొమ్మ మొదలుపెట్టి, పాట ముగిసేసరికి ముగించడం ప్రత్యక్ష చిత్రలేఖనం. ఇంట్లో వేసిన బొమ్మలో ఏ గీత ముందు పడిందో, ఏ రంగు ఎన్నిసార్లు చెరిపి వేశారో చూసేవాళ్లకు అక్కర్లేదు. వేదిక దగ్గర వాళ్లు చూడవచ్చిందే అది. అందుకే ఇంట్లో అద్భుతంగా సాగే చేయి వేదికెక్కాక తేలిపోవచ్చు. ఓ మోస్తరుగా వేసే చేయి జనాన్ని కట్టిపడేయనూవచ్చు. తేడా నైపుణ్యంలో కంటే వరుసలో ఉంటుంది. ఏ నిమిషానికి ఎంత బొమ్మ కనబడాలి, పాటలోని ఏ మలుపుకి బొమ్మలో ఏ మలుపు రావాలి అన్న లెక్క ముందే కుదిరితే చేతికి సగం బరువు తగ్గుతుంది.

ముందు నడిచిన దారులు

ఈ లెక్క తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. కూచిపూడి వేదిక మీద కనిపించే సింహనందిని దీనికి చక్కని ఉదాహరణ. నేల మీద రంగుపొడి పరిచి, పైన పల్చటి బట్ట కప్పుతారు. నర్తకి ఆ బట్ట మీద తాళం తప్పకుండా అడుగులు వేస్తూ, మడమతోనూ కాలివేళ్లతోనూ గీతలు తీస్తుంది. ఆట ముగిశాక బట్ట ఎత్తి చూపితే అందులో సింహం ఉంటుంది. దీనికి వాడే సింహనందన తాళంలో ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు. నూట ఎనిమిది తాళాల్లోకెల్లా పొడవైనది ఇదే. నెమలిని గీసే మయూర కౌత్వమూ ఇదే కోవలోది. ఆలయ నృత్యాల నుంచి వచ్చిన ఈ తాళచిత్ర నృత్యాలను 20వ శతాబ్దంలో నాట్యగురువు సి.ఆర్. ఆచార్యులు వెలికితీసి మళ్లీ వేదికెక్కించారు. చిత్రకారులు ఇందులో గమనించవలసింది పాదాల నేర్పును కాదు. బొమ్మలోని ప్రతి వంపుకీ తాళంలో ఒక చోటు కేటాయించి ఉండటాన్ని. ఆ చోటు తప్పితే తాళమూ పోతుంది, సింహమూ పోతుంది.

చేర్యాల పటం చెప్పే పాఠం వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి దగ్గర బొమ్మ ముందే సిద్ధంగా ఉంటుంది. నకాషీ చిత్రకారుడు ఎప్పుడో వేసిచ్చాడు. అయినా జనం దాన్ని ఒక్కసారిగా చూడరు. పాట ముందుకు సాగేకొద్దీ పటం చుట్ట విప్పుతూ ఒక్కో గడినే బయటపెడతారు. ఏది ఎప్పుడు చూపాలో, ఎంతసేపు దాచాలో తెలియడం బొమ్మ వేయడమంత పెద్ద విద్య అని ఆ కథకులకు తరాలుగా తెలుసు.

పడమటి దేశాల్లో ఈ ప్రయోగం ఇంకోలా మొదలైంది. 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బెర్గ్ సంగీతం విన్న చిత్రకారుడు కాండిన్స్కీ, ఆ ప్రభావంలోనే పసుపు ముంచెత్తే 'ఇంప్రెషన్ 3 (కచేరీ)' వేశాడు. అది విని వచ్చి వేసిన బొమ్మ. వింటూ నలుగురి ముందు వేసింది కాదు. 1956లో పారిస్‌లోని సారా బెర్నార్ థియేటర్లో చిత్రకారుడు జార్జ్ మాత్యూ సుమారు రెండువేల మంది చూస్తుండగా 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తున్న బట్ట మీద రంగు చిమ్మాడు. 1960 మార్చి 9న అదే నగరంలో చిత్రకారుడు ఈవ్ క్లైన్ ప్రదర్శనలో నీలిరంగు పూసుకున్న మోడళ్లు కాగితం మీద తమ దేహాల ముద్రలు వేస్తుంటే, పక్కన వాద్యకారులు అతని 'మోనోటోన్ సైలెన్స్ సింఫనీ' వినిపించారు. ఒకే స్వరసముదాయాన్ని ఇరవై నిమిషాలు పట్టుకుని, ఆపైన మరో ఇరవై నిమిషాలు మౌనంగా ఉండేలా కూర్చిన రచన అది. మన దేశంలో భీమ్‌సేన్ జోషి పాడుతుండగా ఎం.ఎఫ్. హుసేన్ వేదిక మీద బొమ్మ వేసిన జుగల్‌బందీని హిందుస్థానీ శ్రోతలు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఈ దారుల్లో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1950లో హాన్స్ నమూత్ అనే ఫొటోగ్రాఫర్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ బొమ్మ వేస్తుండగా సినిమా తీశాడు. గాజు పలక మీద వేయించి, కెమెరా కింద నుంచి పెట్టాడు. వెలుతురు కోసం ఆగడం, ఆపమన్నప్పుడు ఆపడం, మళ్లీ మొదలెట్టడం వారాల తరబడి సాగాయి. చిత్రీకరణ ముగిసిన సాయంత్రమే పొలాక్, రెండేళ్లుగా మానేసిన మద్యం మళ్లీ ముట్టుకున్నాడు. అందరికీ అలా జరగాలని లేదు. కానీ ఒంటరిగా పనిచేసే అలవాటున్న మనిషికి చూసే కళ్ల ముందు పనిచేయడం తేలిక కాదు. ముందు ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఎదుట, తర్వాత ఒక చిన్న హాల్లో, ఆపైనే పెద్ద వేదిక అన్న క్రమం పాటించడం దీనికి విరుగుడు.

కాలపటం

సంగీతాన్ని రెండు రకాలుగా తీసుకోవచ్చు. రికార్డు పెట్టుకుంటే నిడివి సెకన్లతో సహా తెలుస్తుంది, ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు, ఎవరితోనూ సర్దుకోనక్కర్లేదు. పోర్ట్రెయిట్లు వేగంగా వేసేవాళ్లలో చాలామంది ఎంచుకునే దారి ఇది. రెండుచేతుల్లోనూ కుంచెలు గుత్తిగా పట్టుకుని, రాక్ సంగీతానికి గాయకుల ముఖాలు వేసిన అమెరికన్ డెన్నీ డెంట్ ఈ పద్ధతికి పేరుమోసినవాడు. రెండోది ఎదురుగా పాడేవాళ్లతో కలిసి వేయడం. ఇక్కడ నిడివి ఎవరి చేతిలోనూ ఉండదు. గాయకుడికి గొంతు పలికితే ఆలాపన మూడు నిమిషాలు పెరుగుతుంది. కష్టం ఎక్కువే. అసలు రుచి కూడా ఇందులోనే ఉంది.

కచేరీ సంగీతానికి ఉన్న సదుపాయం ఏమిటంటే, అందులో వరుస ముందే కట్టి ఉంటుంది. ఆదితాళంలో ఒక కృతి, దాని ముందు నాలుగు నిమిషాల ఆలాపన, కృతికీ స్వరకల్పనకీ కలిపి పన్నెండు నిమిషాలు ఉన్నాయనుకుంటే, అక్షరానికి సెకను చొప్పున ఆవర్తానికి 8 సెకన్లు, పన్నెండు నిమిషాలకు 90 ఆవర్తాలు. బొమ్మ విషయం సాయంత్రపు గోదావరి, దానిమీద తెరచాప పడవ.

ఆలాపనలో తాళం లేదు కాబట్టి బొమ్మలోనూ గీత ఉండకూడదు. నీళ్లెక్కువ కలిపిన బూడిదనీలం రంగుతో, నాలుగంగుళాల ఫ్లాట్ బ్రష్‌తో, అడుగు నుంచి పైకి పూత మాత్రమే వేయాలి. గాయకుడు మంద్రం నుంచి మెట్టుమెట్టుగా పైకి వెళ్తాడు. పూత కూడా అలాగే ఎక్కాలి. ఆయన ఒక స్వరం మీద నిలిచినప్పుడు కుంచె కూడా నిలవాలి. తారస్థాయి ముట్టేదాకా ఆకాశం వేయవలసిన పైభాగాన్ని ఖాళీగా వదిలేస్తే, ఆ స్వరం అందుకోగానే అక్కడ పడే రంగు కోసం హాలంతా ఎదురుచూస్తుంది. నిలబెట్టిన బట్ట మీద పల్చటి రంగు చారలుగా జారుతుంది. జారనివ్వాలి. కింద నీళ్లలో అవి నీడలుగా పనికొస్తాయి, పైగా కావాలని వేసినట్టే ఉంటాయి.

పల్లవి ఎత్తుకున్నాక మొదటి గీత పడాలి: పడవ అడుగు, ఒకే ఊపులో ఒకే వంపు. పల్లవిని గాయకులు ఒక్కసారి పాడి వదలరు, సంగతులు వేస్తారు. అదే మాట, ప్రతిసారీ కొంచెం పెంచి. చిత్రకారుడు కూడా అదే గీత మీదికి మళ్లీ వెళ్లాలి. మొదటి సంగతికి సాదా వంపు, రెండోదానికి అదే వంపు చిక్కగా, మూడోదానికి ముక్కు పైకి లేచి. వినబడే వాక్యం మళ్లీ వచ్చినప్పుడల్లా కనబడే గీత కూడా మళ్లీ వస్తోందని సంగీతం ఏమాత్రం తెలియని శ్రోతకు కూడా ఈ చోట అర్థమవుతుంది. మొత్తం ప్రదర్శనలో జనం కుర్చీల్లో ముందుకు వంగేది ఇక్కడే. అందుకే ఈ రెండు నిమిషాలకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సాధన కావాలి.

అనుపల్లవి సాధారణంగా పై స్థాయికి పోతుంది. కొయ్య, తెరచాప అప్పుడు. చరణం మళ్లీ దిగుతుంది. అవతలి గట్టు, నీళ్లలో నీడలు. స్వరకల్పన మొదలయ్యాక పెద్ద గీతలు ఆపేసి, నీళ్ల మీద నారింజ తళుకులు పొట్టిపొట్టి గీతలుగా వేయాలి. గాయకుడు స్వరాలు వేసి ఎత్తుగడ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కుంచె కూడా ఒక్కచోటికే, అంటే సూర్యుడి వెలుగు నీటిమీద పడే చోటికే, తిరిగి రావాలి. స్వరకల్పనను ముగించే లయవరుస, కోర్వ, మూడుసార్లు వస్తుంది, మూడు గీతలు. ఆ తర్వాత కుంచె కింద పెట్టేయాలి. పాట అయిపోయాక కూడా "ఇంకొక్కటి" అని సర్దుతూ కూర్చోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు.

తని ఆవర్తనం వస్తే మృదంగానికి వదిలేసి పక్కకు తప్పుకోవడమే మర్యాద. చూసేవాళ్లు కూడా అప్పుడు బొమ్మను తీరిగ్గా చూస్తారు. రాగం తానం పల్లవి అయితే చిత్రకారుడికి ఇంకా ఎక్కువ చోటు దొరుకుతుంది. రాగంలో పూత, తాళం లేకపోయినా లయ ఉన్న తానంలో పొడవాటి గీతలు, పల్లవిలో ఒకే ఆకారం పెద్దదిగా, చిన్నదిగా మళ్లీమళ్లీ. కానీ అది గంట పైన కూడా సాగవచ్చు కాబట్టి మొదటి ప్రదర్శనకు పెట్టుకోదగింది కాదు. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు చాలు.

బొమ్మను తలకిందులుగా వేసి, చివరి క్షణంలో తిప్పి ముఖం చూపించే పద్ధతికి చప్పట్లు ఖాయం. అయితే ఆ పదిహేను నిమిషాలూ జనం "ఇది ఎవరి ముఖం" అని ఊహిస్తుంటారు తప్ప పాట వినరు. ఒకసారి చూసినవాళ్లకు రెండోసారి అందులో మిగిలేదీ తక్కువ. పెళ్లికో, కంపెనీ వేడుకకో సరిపోతుంది. కచేరీకి నప్పదు.

రంగు, బట్ట, వెలుతురు

ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడతాయి కాబట్టి వేదికకు పనికిరావు. పోస్టర్ రంగు చవకే గానీ, పైన రెండో పూత తగలగానే అడుగు పూత లేచి బురదవుతుంది. అందరూ అక్రిలిక్ వాడేది అందుకే. పల్చటి పూత పది నుంచి ముప్ఫై నిమిషాల్లో ఆరుతుంది. ఏసీ హాల్లో కొంచెం ఆలస్యంగా, ఫ్లడ్‌లైట్ల వేడికి మరీ తొందరగా. ప్రదర్శన జరిగే హాల్లోనే ఒకసారి వేసి చూస్తేగానీ ఇది తేలదు. రంగులు వేదిక మీద కలుపుతూ కూర్చుంటే ఆ సేపంతా బొమ్మ ఆగిపోతుంది. ఐదారు రంగులు ముందే, పెరుగంత చిక్కగా కలిపి, వెడల్పాటి మూతి డబ్బాల్లో వాడే వరుసలో పెట్టుకోవాలి. ఒక్కో రంగుకి ఒక్కో కుంచె. స్ప్రే డబ్బాల జోలికి మూసిన హాల్లో వెళ్లకూడదు. ఆ వాసనకు ముందు ఇబ్బందిపడేది గుక్క తిప్పుకోవలసిన గాయకులే.

బట్ట తెల్లగా ఉంటే దీపాల కింద కళ్లు చెదురుతాయి, మొదటి పూతలు కనబడవు. లేత బూడిదరంగో, ఇటుకరంగో ముందే పూసి ఆరబెట్టాలి. కొలత కనీసం నాలుగడుగులకు ఐదడుగులు. ఇరవయ్యో వరసలో కూర్చున్నవారికి అంగుళంలోపు గీత లేనట్టే.

చాలామందికి తట్టని సంగతి చప్పుడు. చట్రానికి బిగించిన బట్ట కూడా ఒక వాద్యమే. గట్టి వెంట్రుకల కుంచెతో దానిమీద కొడితే డప్పుమోత వస్తుంది, దగ్గర్లోని మైకు దాన్ని పట్టి హాలంతా వినిపిస్తుంది, మృదంగం వాయించేవారు తల తిప్పి చూస్తారు. బట్ట వెనక ప్లైవుడ్ పలక పెట్టి బిగిస్తే ఈ మోత పోతుంది. స్టాండు కాళ్లకు రబ్బరు తొడుగులు వేయాలి. నేల మీద టార్పాలిన్ పరిచి అంచులు టేపుతో అతికించాలి. లేకపోతే కాలు జారడమో, మైకు తీగలు తగులుకోవడమో తప్పదు. వీణ, మృదంగం, తంబురా ఉన్నచోటికి కనీసం ఎనిమిది అడుగులు ఎడంగా ఉండాలి. మృదంగం తోలుకు తడి తగలకూడదు, వీణ మీద పడిన రంగు మచ్చకు క్షమాపణ ఒక్కటే సరిపోదు.

దీపాల మనిషితో ముందే మాట్లాడుకోకపోతే మొత్తం శ్రమ వృథా. పాటలో రసం పెరిగిందని ఆయన ఎర్ర దీపం వేస్తే, ఎర్రటి గీతలన్నీ లేతరంగు నేలలో కలిసి మాయమవుతాయి. బట్ట మీద మాత్రం మొదటి నుంచి చివరిదాకా తెల్లటి దీపమే ఉండాలి. అదీ ఎదురుగా కాకుండా పక్క నుంచి, ఏటవాలుగా పడాలి. అప్పుడు తడి రంగు మెరిసిపోదు, మనిషి నీడ బొమ్మ మీద పడదు. రంగుల దీపాల ముచ్చట వెనక తెరకు వదిలేయవచ్చు.

కెమెరాతో పెద్ద ఎల్‌ఈడీ తెర మీద చూపిస్తే వెనక వరసలకు మేలే. కాని తెర మీది బొమ్మ అసలు కంటే లిప్తపాటు ఆలస్యంగా వస్తుంది. తాళం దెబ్బకు సరిగ్గా పడిన గీత తెర మీద దెబ్బ తర్వాత పడినట్టు ఉంటుంది. వేగంగా పడే గీతలున్న ఘట్టంలో కెమెరా చేతిని దగ్గరగా చూపకుండా, బొమ్మ మొత్తాన్ని దూరం నుంచి చూపితే ఈ తేడా అంతగా తెలియదు.

ఎక్కడ నిలబడాలి

చిత్రకారుడు బొమ్మకూ జనానికీ మధ్య నిలబడతాడు. అడ్డు తనే. కుడిచేతి వాటమున్నవారు బట్టకు ఎడమ అంచున నిలబడి చేయి చాచి వేయడం నేర్చుకుంటే వీపు కంటే బొమ్మే ఎక్కువగా కనబడుతుంది. ఇంట్లో దగ్గరగా నిలబడి వేసే అలవాటున్న చేతికి ఇది మొదట్లో వంకరగానే పడుతుంది. పొడవు పిడి కుంచెలతో కొన్ని వారాలు సాధన చేస్తే కుదురుకుంటుంది. 1956లో వచ్చిన 'ది మిస్టరీ ఆఫ్ పికాసో' సినిమాలో దర్శకుడు క్లూజో ఈ చిక్కును ఇంకోలా విప్పాడు. సిరా కాగితంలోకి ఇంకి అవతలి వైపు తేలేలా చేసి, కెమెరాను వెనక పెట్టాడు. చేయి కనబడదు, గీతలు తమంతట తామే పుట్టుకొస్తాయి. నార్మన్ పెరీమన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ల మీద తడి రంగులు కదిలిస్తూ, ఆర్కెస్ట్రాల వెనక తెరమీద వాటిని ప్రవహింపజేశాడు. అక్కడ చివరికి మిగిలే బొమ్మంటూ ఉండదు.

బట్టవైపు తిరిగి ఉన్న మనిషికి పాడేవాళ్లు కనబడరు. కనుసైగలు కుదరవు కాబట్టి పక్కన చిన్న మానిటర్ స్పీకరు ఉండాల్సిందే. స్టాండును కొద్దిగా ఏటవాలుగా పెట్టి, తల కాస్త తిప్పితే తాళం వేసే చేయి కనబడేలా చూసుకుంటే ఇంకా మంచిది.

సాధన

ఒకే బొమ్మను అదే సంగీతానికి మళ్లీమళ్లీ వేయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. మొదట పాత వార్తాపత్రికల మీద, బొగ్గుతో, వరుస మాత్రమే. చేతికి వరుస వచ్చాక రంగు. ఏ ఘట్టానికి ఏ భాగమో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకుని స్టాండు పక్కకు అతికించుకోవచ్చు. ఇందులో సిగ్గుపడేదేం లేదు. బట్ట మీద ముఖ్యమైన చోట్ల దూరానికి కనబడని బొగ్గు చుక్కలు పెట్టుకోవడమూ అలాంటిదే. ప్రతి సాధననూ ఫోనులో రికార్డు చేసి, ఒకసారి శబ్దం ఆపేసి చూడాలి. ఏ నిమిషంలో బొమ్మ కదలకుండా ఉండిపోయిందో, వీపు ఎక్కడ అడ్డొచ్చిందో అప్పుడు బయటపడుతుంది.

గాయకులతో కనీసం రెండుసార్లు కలిసి కూర్చోవాలి. ఆలాపన పెరిగితే ఏ భాగం పొడిగించాలో, కృతి తగ్గితే ఏది వదిలేయాలో అప్పుడే అనుకోవాలి. పైన చెప్పిన పడవ బొమ్మలో అవతలి గట్టును వదిలేసినా బొమ్మ నిలుస్తుంది. తెరచాపను వదిలేస్తే నిలవదు. ఏ బొమ్మకైనా ఇలా తీసేయదగినవి రెండు మూడు ముందే గుర్తుపెట్టుకుంటే, పాట తొందరగా ముగిసినా చేయి తడబడదు. పొరపాటున పడిన గీతను చెరపడానికి ప్రయత్నించకూడదు. చెరిపే చేయి అందరికీ కనబడుతుంది, గీత మాత్రం కొందరికే.

ఒప్పందం

రికార్డు సంగీతంతో టికెట్టు ప్రదర్శన ఇస్తే బహిరంగ ప్రదర్శనకు లైసెన్సు కావాలి. త్యాగరాజ కృతిని ఎదురుగా పాడితే రచన మీద ఎవరి హక్కూ అడ్డురాదు. అదే కృతికి ఒక విద్వాంసుడి రికార్డు వాడితే ఆ రికార్డు మీద హక్కు వేరుగా ఉంటుంది. నిర్వాహకులు ఈ సంగతి పట్టించుకున్నారో లేదో ముందే అడగాలి.

బొమ్మ ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవారికే చెందుతుంది. అంటే పారితోషికం తీసుకుని వేదిక మీద వేసిన బొమ్మను తర్వాత క్యాలెండరుగానో, పోస్టరుగానో అచ్చువేసుకునే వీలు చిత్రకారుడికి పోవచ్చు. బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, వేలం వేస్తే డబ్బు ఎవరికి, వీడియోను ఎవరు వాడుకోవచ్చు, పాడినవారికి అందులో భాగం ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు చేయించుకుంటే చాలు. అప్పగింత అదే రాత్రి కాకుండా మర్నాటికి పెట్టుకోవాలి. చిక్కగా పడిన అక్రిలిక్ పైకి ఆరినట్టున్నా లోపల తడిగానే ఉంటుంది, ప్లాస్టిక్‌లో చుడితే అంటుకుని ఊడివస్తుంది. వార్నిష్ అవసరమైతే కొన్ని వారాలు ఆగాక వేయాలి.